పాత లారీ డీజిల్ మీటరు, దానికి వేసిన స్టిక్ ఫ్లోటు: రెండేళ్ల పైన వాడాక నా మాట

ముందు అసలు విషయం చెప్పేస్తా. ఈ స్టిక్ ఫ్లోటు (ఫ్లోటు అంటే ట్యాంకులో డీజిల్ ఎంతుందో కొలిచి మీటరుకి చెప్పేది) మంచిదే, పాత బండికి పనికొస్తది, కానీ మీటరు తప్పు చూపిస్తోందని ఎకాఎకిన షాపుకెళ్లి ఇది కొనేయమాకండి, ఎందుకంటే మా బండిలో సగం రోగం ఫ్లోటులో లేదు, ఎర్త్‌లో ఉంది, అంటే కరెంటు బండి ఇనప బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగెళ్లే దారిలో.

మాది పాత ఆరు టైర్ల లారీ, 24 వోల్టులు, 200 లీటర్ల ఇనప ట్యాంకు. గుంటూరు నుంచి మిర్చి, ఒక్కోసారి బియ్యం, ఎక్కువగా వినుకొండ, గిద్దలూరు మీదుగా నంద్యాల లైను. ఫుల్ ట్యాంకు కొట్టించినా ముల్లు ముప్పావు దాటేది కాదు. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ఇంకాస్త కిందికి జారేది, ఆపితే మళ్లీ పైకి. సగం దగ్గరికొచ్చాక ఇంకో వేషం, ఉన్నట్టుండి ఖాళీ అని పడిపోయి గతుకులో పడగానే లేచేది. ఇలాంటి మీటరు ఉంటే ఓనరుకీ డ్రైవరుకీ మధ్య ఎన్ని మాటలొస్తాయో బండ్లున్నవాళ్లకి తెలుసు, అనుమానం ముందు డ్రైవరు మీదికే పోతది. పాపం మా డ్రైవరు లోడు ఎత్తే ముందు కర్ర ముంచి, తడిసిన చోట వేలు పెట్టి ఫోటో తీసి పంపేవాడు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, పాతకాలం ఎలక్ట్రీషియను, లైట్లు వేస్తే ముల్లు జారుతోందని చెప్పగానే "ఫ్లోటు జోలికి ఇప్పుడే పోమాకు అబ్బాయ్, ఎర్త్ చూడు" అన్నాడు. ట్యాంకు మీద ఫ్లోటు బిగించే స్క్రూల చుట్టూ తుప్పు, ట్యాంకు పట్టీల కింద రబ్బరు, ఇక ఎర్త్ ఎక్కడినుంచి వస్తది? ఫ్లోటు అంటే లోపల ఒక రెసిస్టెన్సే కదా, కరెంటుకి అడ్డు అన్నమాట, దారిలో తుప్పు ఇంకొంచెం రెసిస్టెన్స్ కలిపితే ముల్లు అంత తక్కువ చూపిస్తది. ఫ్లోటు రేకు దగ్గర్నుంచి ఛాసిస్‌కి, పెయింటు గీకి, విడిగా ఒక వైరు లాగాడు. ముల్లు అక్కడికక్కడే ఫుల్ దగ్గరికొచ్చింది, లైట్లు వేసినా కదల్లేదు. దీని ఖర్చు చెప్పుకోదగ్గది కూడా కాదు.

సగం దగ్గర పడిపోయే జబ్బు మాత్రం అలాగే ఉంది. అప్పుడు మీటరు బాగుందా లేదా తేల్చాలి. ఫ్లోటు మీద వైరు పీకి, కీ ఆన్ చేసి, ఆ వైరు ఎర్త్‌కి తాకిస్తే మా బండిలో ముల్లు ఫుల్‌కి పోయింది, వదిలేస్తే ఖాళీకి వచ్చింది. అంటే మీటరూ వైరింగూ ఓకే. కొన్ని బండ్లలో ఇది తిరగబడి ఉంటది, తాకిస్తే ఖాళీ, వదిలేస్తే ఫుల్, అదీ తప్పు కాదు, ఎటైనా ముల్లు చివరి దాకా పోవాలి అంతే. పెట్రోలంత కాకపోయినా డీజిలూ మంటకి అంటుకునేదే, ట్యాంకు మూత మూసి దూరంగా చేయండి, నిప్పురవ్వ పడకూడదు. పాత బండ్లలో టెంపరేచర్ మీటరు కూడా కలిసి తప్పు చూపిస్తుంటే డాష్‌బోర్డు వెనక, రెండు మీటర్లకీ ఒకే వోల్టేజి ఇచ్చే స్టెబిలైజరు ఉందేమో చూడండి, అది పాడైతే ఇక ట్యాంకు విప్పే పనే ఉండదు.

ఫ్లోటు బయటకి తీసి, రెసిస్టెన్స్ కొలిచే మల్టీమీటరు పెట్టి, ఫ్లోటు చెయ్యిని కింద నుంచి పైకి మెల్లగా లేపితే నడిమధ్యలో రీడింగు మాయం. సన్నటి తీగ చుట్టిన పట్టీ మీద ముక్కు రాసుకుంటూ తిరగటమే దాని పని, బండి ఎక్కువగా సగం, పావు మధ్యే తిరుగుతది కాబట్టి అక్కడే అరిగిపోయింది. ఇక మార్చాల్సిందే.

ఇక్కడ జాగ్రత్త. షాపులో "అన్ని బండ్లకీ సెట్ అయిపోద్ది అన్నా" అని ముందు చేతిలో పెట్టింది 10–180 ఓమ్స్‌ది (ఓమ్ అంటే రెసిస్టెన్స్ కొలత), ఖాళీకి 10, ఫుల్‌కి 180. మా మీటరుకి కావాల్సింది 240–33, అంటే ఖాళీకి ఎక్కువ, ఫుల్‌కి తక్కువ. ఆ 10–180ది బిగించుంటే ఖాళీ ట్యాంకుకి ఫుల్ చూపించేది, దారిలో డీజిల్ అయిపోయి బండి ఆగి, పైపుల్లో చేరిన ఎయిర్ తీస్తూ కూర్చునేవాళ్లం. పాత ఫ్లోటు రెండు చివర్లా కొలిచి రాసుకుని పోయాం కాబట్టి బయటపడ్డాం.

చివరికి తీసుకుంది స్టిక్ టైపు. స్టీలు గొట్టం, దానిమీద పైకీ కిందికీ జారే రింగు, రింగులో అయస్కాంతం, గొట్టంలో రీడ్ స్విచ్‌లు, అంటే అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే చిన్న స్విచ్‌లు. తీగ మీద ముక్కు రాపిడి లేదు కాబట్టి ఆ అరుగుడు లేదు. పాత రకం కంటే రేటు రెండింతల పైనే. పొడుగు ట్యాంకు లోతు కంటే ఒక అంగుళం తక్కువ తీసుకోవాలి. ఫ్లోటు పైమూతకి ఐదు స్క్రూలు, చిల్లులు సమానంగా ఉండవు, ఒక్క తీరులోనే కూర్చుంటది, కూర్చోకపోతే సుత్తి తీయొద్దు, తిప్పి చూడండి. కింద పెట్టే ప్యాకింగు మందంగా ఉంది, అది ఎర్త్‌ని ఆపేస్తది, అందుకే ఆ విడి వైరు దీనికీ కలిపాం.

వాడకంలో తేడా ఏంటంటే ముల్లు జారదు, మెట్లు దిగినట్టు దిగుతది. మా ట్యాంకులో ఒక్కో మెట్టు ఏడెనిమిది లీటర్లు. మొదట్లో చిరాకు పుట్టింది, తర్వాత అలవాటైపోయింది. గతుకుల్లో ఊగిసలాట బాగా తగ్గింది, గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ట్యాంకు వాలుతది కాబట్టి ఏ ఫ్లోటైనా తప్పే చూపిస్తది, అక్కడ ముల్లు చూసి లెక్కేయొద్దు.

షాపువాడు చెప్పని లోపం ఒకటుంది. వేసిన కొన్ని నెలలకి ముల్లు సగం దగ్గర అతుక్కుపోయింది, పోసినా కదలదు, తాగినా కదలదు. బయటకి తీస్తే రింగు లోపల అంచంతా నల్లటి తుప్పు పొడి, గొంగళిపురుగు బొచ్చులా నిక్కపొడుచుకుని ఉంది. అయస్కాంతం కదా, ఇనప ట్యాంకులో తుప్పంతా దానికే అంటుకుంది. గుడ్డతో తుడిచి, ట్యాంకు మొత్తం దించి డీజిల్‌తోనే కడిగించాక మళ్లీ ఆ గొడవ రాలేదు. కాబట్టి పాత ఇనప ట్యాంకు ఉన్నోళ్లు కడిగించకుండా ఇది వేయమాకండి. అల్యూమినియం ట్యాంకైతే ఈ బాధ తక్కువ. కడిగేటప్పుడు చిల్లు కనపడి వెల్డింగ్ పెట్టించాలనిపిస్తే, ఖాళీ ట్యాంకులో ఆవిరి కూడా పేలుద్ది, ఆ పని తెలిసిన చోటే చేయించండి.

ఇంకొకటి, కొత్త ఫ్లోటు వేసినంత మాత్రాన సగం అంటే సగం కాదు. ట్యాంకు ఖాళీ చేసి 20 లీటర్ల చొప్పున పోస్తూ, ముల్లు ఎక్కడ నిలబడిందో మీటరు అద్దం మీద మార్కర్‌తో గీతలు పెట్టాం. మా దాంట్లో ముల్లు ఖాళీ మీదికి వచ్చేసరికి లోపల ఇంకా సుమారు 18 లీటర్లుంటది, రింగు అంతకంటే కిందికి దిగదు. డ్రైవరుకి ఆ సంగతి చెప్పలేదనుకునేరు, చెప్పాం, అయినా ఆయన పావు గీత దగ్గరే బంకులో ఆపుతాడు, కర్ర కూడా క్యాబిన్లోంచి తీయలేదు.