ముందస్తు సర్వేనా, ఎగ్జిట్ పోలా?

పార్టీల బలాబలాలు ఎటు మారుతున్నాయో తెలుసుకోవడానికి దేన్ని నమ్మాలన్న ప్రశ్న ప్రతి ఎన్నికలోనూ తలెత్తుతుంది.

ముందస్తు సర్వే ఇంకా మనసు మార్చుకోగల వారిని అడుగుతుంది. ఎగ్జిట్ పోల్ ఓటు వేసి బయటికి వచ్చిన వారిని అడుగుతుంది. మొదటిదాన్ని ఒకే పద్ధతిలో పలుమార్లు చేయాలి కనుక ఖర్చు విడతలుగా సాగుతుంది; రెండోదానికి పోలింగ్ రోజునే బూత్‌ల దగ్గర మనుషులను నిలపాలి, పైగా చివరి విడత పోలింగ్ ముగిసిన అరగంట వరకు ఫలితం బయటపెట్టకూడదు.

వెయ్యి మందిని అడిగిన సర్వేలో మూడు శాతం అటూ ఇటూ కావడం మామూలే కాబట్టి, ఒక పార్టీ 41 నుంచి 43 శాతానికి చేరగానే గాలి మారిందనడం తొందరపాటు. ఎగ్జిట్ పోల్‌లో ఈ తేడాకు తోడు, అసలు ఓటు దాచి వేరే పేరు చెప్పేవారూ ఉంటారు.

అసలు చిక్కు ఓట్లను సీట్లుగా మార్చే లెక్కలో ఉంది, అక్కడ రెండూ తడబడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాదాపు 50 శాతం ఓట్లతో 151 స్థానాలు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో 39 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్నా 11 స్థానాలకే పరిమితమైంది. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఎన్డీయేకు 350 దాటుతాయని పలు ఎగ్జిట్ పోల్స్ చెప్పగా, వచ్చినవి 293.

నెలల తరబడి మద్దతు పెరుగుతోందా తరుగుతోందా అన్నది తెలియాలంటే ఒకే సంస్థ వరుస సర్వేలను చూడాలి; ఏ వర్గం ఎటు ఓటేసిందో తెలియాలంటే ఎగ్జిట్ పోల్ మేలు. సీట్ల అంకె కోసమైతే ఓట్ల లెక్కింపు దాకా ఆగడమే నయం.