అంబోసెలిలో మూడు రాత్రులు

ఫిబ్రవరిలో కెన్యా వెళ్తున్నామంటే తెలిసినవాళ్లంతా ఒకటే మాట అన్నారు: "వలస లేని కాలంలో అక్కడ ఏం చూస్తారు?" నిజమే, ఆ నెలలో ఏటా వలస వచ్చే వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకల మందలు సరిహద్దు అవతల, టాంజానియాలోని సెరెంగెటి దక్షిణ మైదానాల్లో ఈనుతూ ఉంటాయి. కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి అవి చేరేసరికి జూలై వస్తుంది. కానీ మారాలో విదేశీయులకు ప్రవేశ రుసుము జూలై నుంచి డిసెంబరు దాకా రోజుకు మనిషికి 200 డాలర్లు, మిగతా ఆరు నెలలూ 100. ఇద్దరికి మూడు రోజులంటే 600 డాలర్ల తేడా. ఆ మిగులుతో కెన్యాలోనే ఉన్న అంబోసెలి జాతీయ పార్కులో మూడు రాత్రులు కలుపుకున్నాం.

మారాను తక్కువ చేయను. మూడు రోజుల్లో నాలుగుసార్లు సింహాలు కనిపించాయి. ఒకసారి గడ్డిలో కూనలతో సహా పడుకుని ఉన్నాయి. అయితే సింహం కనిపించగానే డ్రైవర్ల రేడియోల్లో "సింబా, సింబా" మొదలవుతుంది. పది నిమిషాల్లో డజను బండ్లు చుట్టుముడతాయి. పెళ్లిలో వధూవరుల చుట్టూ ఫోటోగ్రాఫర్లు మూగినట్టే. వలస కాలంలో ఇంకెంత రద్దీగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మేం చేసిన పెద్ద తప్పు మారా నుంచి అంబోసెలికి రోడ్డు మీద వెళ్లడం. తెల్లవారుజామున బయలుదేరితే చీకటి పడేవేళకు చేరాం. ఒక రోజు సెలవూ, ఒక నడుమూ ఖర్చయ్యాయి. నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి రెండు చోట్లకూ చిన్న విమానాలు ఉన్నాయి. మెత్తటి సంచుల్లో 15 కిలోల సామానే ఒప్పుకుంటారు. చేతిలో కాస్త డబ్బు ఉంటే అందులోనే వెళ్లండి.

ఇక అంబోసెలి. విస్తీర్ణం 392 చదరపు కిలోమీటర్లే, మారాలో నాలుగో వంతు. ఉప్పు కలిసిన సన్నటి బూడిదరంగు దుమ్ము, మధ్యమధ్య పచ్చటి చిత్తడి నేలలు. వాన పెద్దగా పడని చోట అంత నీరు ఎక్కడిదంటే, కిలిమంజారో మీద పడ్డ నీరు అగ్నిపర్వత శిలల్లోంచి ఇంకి ఇక్కడ ఊటలుగా పైకి వస్తుంది. ఆ 5,895 మీటర్ల కొండ ఉన్నది టాంజానియాలో, దాన్ని తీరిగ్గా చూసేది మాత్రం కెన్యా వైపు నుంచి. సూర్యోదయం తరువాత రెండు మూడు గంటలు మంచు శిఖరం స్పష్టంగా ఉంటుంది, ఆపైన మబ్బు కప్పేస్తుంది. మళ్లీ సాయంత్రం అదృష్టాన్ని బట్టి.

ఏనుగుల దినచర్య కూడా ఆ నీటి చుట్టూనే. ఉదయం పొడి నేలల నుంచి బారులు కట్టి చిత్తడిలోకి దిగుతాయి, సాయంత్రం తిరిగి వెళ్తాయి. రెండో రోజు ఒక మంద మా బండికి ఎదురుగా వచ్చింది. డ్రైవర్ ఇంజన్ ఆపేసి, గొంతు తగ్గించి "పోలే పోలే" అన్నాడు, నెమ్మదిగా అని. ముందు పెద్ద తల్లి, వెనుక పదిహేనో పదహారో, కాళ్ల మధ్య పిల్లలు. నీళ్లలోంచి అప్పుడే లేచి వస్తున్నాయేమో, కడుపు దాకా నల్లగా తడిసి, పైన దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. మన కాకినాడ తీరంలో అడుగుకు తారు పూసిన పడవలు గుర్తొచ్చాయి. బండికి మూడు బారల దూరంలో దాటాయి. అంత బరువు నడుస్తుంటే అడుగుల చప్పుడే లేదు, గడ్డి పీకే శబ్దం తప్ప. మా ఆవిడ ఫోను ఒడిలోనే పెట్టుకుని కూర్చుంది. ఇక్కడి ఏనుగు కుటుంబాలను పరిశోధకులు 1972 నుంచి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి నమోదు చేస్తున్నారు. బండ్లను చూసి అవి బెదరకపోవడానికి ఆ సాంగత్యం కూడా ఒక కారణమేమో అనిపించింది.

సింహాల్లాంటి పిల్లిజాతి మృగాల కోసమే వస్తే మాత్రం అంబోసెలి నిరాశపరుస్తుంది. మాకు ఒక్క సింహం కూడా కనిపించలేదు.

బస విషయంలో రెండు రకాలూ రుచి చూశాం. మొదటి రాత్రి పార్కు బయట గుడారాల క్యాంపు. "గేటుకు అయిదు నిమిషాలు" అన్నారు, తీరా గేటు చేరడానికి ముప్పావుగంట పట్టింది. గేటు ఆరింటికి తెరుస్తారు, కిలిమంజారో కనిపించే వేళ ఎంత విలువైనదో చెప్పాను కదా. వేడినీళ్లు సాయంత్రం గంటసేపే. తరువాతి రెండు రాత్రులు పార్కు లోపలి లాడ్జిలో ఉన్నాం. అద్దె దాదాపు రెట్టింపు, అయినా కరెంటు కంచె అవతల ఏనుగులు మేస్తుంటే వరండాలో టీ తాగడం, అర్ధరాత్రి హైనాల కూతలకు ఉలిక్కిపడి లేవడం ఆ ధరలో భాగమే అనుకోండి. డబ్బు తక్కువైతే రాత్రులు తగ్గించుకుని అయినా లోపలే ఉండమంటాను.

శాకాహారులు కంగారు పడనక్కరలేదు. చపాతీ, సమోసా, పాలు పోసిన టీ అక్కడి ఇంటి వంటలే అయిపోయాయి. రైలు మార్గం వేయడానికి వెళ్లిన భారతీయుల ప్రభావం ఆ వంటింట్లో ఇంకా ఉంది. మొక్కజొన్న పిండి ముద్ద ఉగాలి చూడగానే నాకు సంకటి అనిపించింది. పక్కన సుకుమా వికి అనే ఆకుకూర వేపుడు. ఒక్క పచ్చిమిరపకాయ అడిగి తెప్పించుకుంటే చాలు.

బండి గురించి ఒక మాట. మాకు ల్యాండ్ క్రూజర్ అని చెప్పి మారాకు పైకప్పు లేచే వ్యాన్ పంపారు. గొడవపడితే అంబోసెలికి మార్చారు. గుంతల్లో తేడా తెలుస్తుంది, కిటికీలు మూసుకుంటే దుమ్ములో ఇంకా తెలుస్తుంది. ఏ బండి, అందులో ఎంతమంది అన్నది కాగితం మీద రాయించుకోండి. ఇద్దరు డ్రైవర్లలో రెండోవాడు జంతువుల కోసం పరుగెత్తకుండా ఒకచోట నలభై నిమిషాలు ఆగేవాడు. మొదటివాడు జాబితా పూర్తి చేయించేవాడు. ఏజెన్సీని అడగాల్సిన మొదటి ప్రశ్న లాడ్జి గురించి కాదు, డ్రైవర్ గురించి.

మసాయి తెగవాళ్ల గ్రామ సందర్శన నాకు ఇబ్బందిగానే అనిపించింది. స్త్రీలు పేడ, మట్టి, పుల్లలతో కట్టే ఇళ్లు చూడటం బాగుంది, ఎగిరే నాట్యమూ బాగుంది. చివరన పూసల అంగడి దగ్గర మొహమాటపెట్టి కొనిపించడం బాగాలేదు. వెళ్తే ప్రవేశం ధర ముందే తేల్చుకోండి.

బయలుదేరడానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. మేం హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకున్నాం. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. తిరిగి ముంబైలో దిగినప్పుడు ఆరోగ్య శాఖ బల్ల దగ్గర టీకా వేసినట్టు ఇచ్చిన పసుపు కార్డు అడిగారు. మా ఆవిడది చేతిసంచిలో సిద్ధంగా ఉంది. నాది పెద్ద పెట్టెలో, దుమ్ముపట్టిన బూట్ల అడుగున ఉండిపోయింది. అది బెల్టు మీద ఇంకా రాలేదు.