గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీయించాలా, ఉంచుకోవాలా?

"ఎలాగూ పొట్ట కోస్తున్నారు కదా, అవి కూడా తీసేస్తే రేపు క్యాన్సర్ టెన్షన్ ఉండదు." గర్భసంచి ఆపరేషన్‌కు ముందు ఇంట్లోవాళ్లు తరచూ అనే మాట ఇది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అందుకే మనవాళ్లు ఈ లెక్క సరిగ్గా వేసుకోవాలి.

గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది, అండాశయాల నుంచి వచ్చే హార్మోన్లు ఆగవు. కాకపోతే మెనోపాజ్ (అండాశయాల పని ఆగిపోయే దశ) కాస్త ముందుగా రావచ్చు. రెండు అండాశయాలూ తీస్తే మాత్రం ఏళ్ల తరబడి మెల్లగా జరగాల్సిన మార్పు కొద్దిరోజుల్లోనే మీద పడుతుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, యోని పొడిబారడం, కలిసినప్పుడు నొప్పి. ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌తోపాటు మగ హార్మోన్ అనుకునే టెస్టోస్టిరాన్ కూడా దాదాపు సగానికి పడిపోతుంది. ఆడవాళ్లలోనూ కోరికకు అది కావాలి. నొప్పి ఒకవైపు, తగ్గిన కోరిక మరోవైపు ఉంటే, భర్త మీద ఇష్టం పోయిందా అని తనని తాను అనుమానించుకోవడం ఎంత అన్యాయం! 45 ఏళ్లలోపు తీయించుకుని హార్మోన్లు వాడకపోతే ఎముకలకు, గుండెకు కూడా ముప్పే.

కాబట్టి మెనోపాజ్ రాని, వంశపారంపర్య ముప్పు లేని మనిషికి ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. క్యాన్సర్ భయమే ఉంటే అండాన్ని గర్భసంచికి చేర్చే ట్యూబులు మాత్రం తీసి అండాశయాలు వదిలేయమని అడగవచ్చు. అండాశయ క్యాన్సర్లు చాలావరకు ట్యూబుల్లోనే మొదలవుతాయి. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉన్నవారి సంగతి వేరు. వాళ్లకు పిల్లలు పుట్టాక 35-40 ఏళ్ల మధ్య అండాశయాలు తీయించుకోమనే చెబుతారు.

ఇప్పటికే రెండూ తీయించుకుని హార్మోన్లు వాడాల్సినవారికి ఇంకో ఎంపిక ఉంది: ఈస్ట్రోజన్ మాత్రా, జెల్లా? గర్భసంచి లేదు కాబట్టి దాని లోపలి పొరను కాపాడే ప్రొజెస్టిరాన్ హార్మోన్ సాధారణంగా అక్కర్లేదు. కోరిక విషయంలో నేను జెల్ వైపే మొగ్గుతాను. మాత్ర కాలేయం గుండా వెళ్లి, టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్‌ను పెంచుతుంది. దాంతో మిగిలిన కాస్త కూడా ఒంటికి సరిగ్గా అందదు. చర్మానికి రాసే జెల్‌తో ఆ ఇబ్బంది తక్కువ, రక్తం గడ్డకట్టే ముప్పు కూడా తక్కువే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం క్యాన్సర్ డాక్టరును అడగకుండా వీటి జోలికి పోకూడదు.

బాధ పొడిబారడం వరకే అయితే యోనిలో రాసే ఈస్ట్రోజన్ క్రీమ్ చాలు. ఇవన్నీ వాడినా కోరిక రాకపోతే చివరగా టెస్టోస్టిరాన్ జెల్. ఆడవాళ్ల మోతాదులో అది చాలా దేశాల్లో దొరకదు. మగవాళ్ల జెల్‌నే బాగా తగ్గించి రాయిస్తారు, మధ్యమధ్య రక్తపరీక్ష చేయిస్తారు. మోతాదు మించితే మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. డాక్టరు దగ్గర కోరిక మాట ఎత్తడానికి సిగ్గనిపిస్తే "కలిసినప్పుడు మంటగా ఉంటోంది" అని మొదలుపెట్టండి, మిగతావి ఆవిడే అడుగుతారు.