పొట్టిగా ఉన్న పిల్ల: ఆగి చూడాలా, డాక్టరుకు చూపించాలా?

మా పాపకు ఆరేళ్లప్పుడు బతుకమ్మకు కుట్టించిన లంగా ఎనిమిదో ఏట కూడా పాదాల దాకా వచ్చింది. నడుము దగ్గర ఒక కుట్టు విప్పితే సరిపోయింది. నాకు అనుమానం వచ్చింది కానీ మా అత్తమ్మ, "నా బిడ్డ గూడ గిట్లనే ఉండె. పెద్దమనిషి అయినంక సర్రున పెరుగుతది, రంది పెట్టుకోకు" అన్నది. దేవరకొండలో మా వాడంతా ఇదే మాట.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. తల్లిదండ్రులు పొట్టి అయితే పిల్లలూ పొట్టిగా ఉండొచ్చు. కొన్ని ఇళ్లలో పిల్లలు ఆలస్యంగా ఎదిగి, తర్వాత అందరినీ అందుకుంటారు. కానీ ఆడపిల్లల విషయంలో ఆ మాటను నమ్ముకుంటే నష్టపోతాం. వాళ్లు వేగంగా పెరిగేది పెద్దమనిషి కాకముందే. ఆ తర్వాత సాధారణంగా 5 నుంచి 7 సెంటీమీటర్లే పెరుగుతారు. ఎముకల చివర ఎదిగే భాగం మూసుకుపోయాక ఏ మందూ ఎత్తు పెంచలేదు.

అందుకని ఆగాలనుకున్నా కొలుస్తూ ఆగండి. గోడకు మడమలు ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. నాలుగేళ్లు దాటిన పిల్లలు ఈడు వచ్చేదాకా ఏడాదికి కనీసం 5 సెంటీమీటర్లు పెరగాలి. మా గోడ మీద ఏడాది తేడాతో గీసిన రెండు గీతల మధ్య నా రెండు వేళ్లు కూడా పట్టలేదు. ఇక ఆగలేదు.

పాలలో కలిపే పొడులు, కడ్డీకి వేలాడటం గురించి ఒక్క మాట: తిండి చాలని పిల్లలకు మంచి తిండి మేలు చేస్తుంది, హార్మోను లోపాన్ని పొడి డబ్బా తీర్చదు.

డాక్టరు దగ్గరికి వెళ్తే వెంటనే ఇంజెక్షన్లు రాస్తారని భయపడ్డాను. అలా జరగలేదు. ఎముకల వయసు, అంటే ఎముకలు ఏ వయసుకు తగ్గట్టు ఎదిగాయో తెలియడానికి ఎడమ చేతికి ఎక్స్‌రే తీశారు, రక్తహీనతకు, థైరాయిడ్‌కు రక్తపరీక్ష చేశారు. ఆడపిల్లల్లో టర్నర్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ లోపం) కూడా ఒక కారణమని, అవసరమైతే దానికి వేరే పరీక్ష ఉంటుందని చెప్పారు. పాపకు తేలింది థైరాయిడ్ లోపం. రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర, అంతే. గ్రోత్ హార్మోను (ఎదుగుదలకు కావాల్సిన హార్మోను) లోపం ఉంటే మాత్రం సాధారణంగా రోజూ రాత్రి ఇంజెక్షన్, ఏళ్ల తరబడి, ఖర్చు ఎక్కువే. దానికి కూడా ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత ఫలితం.

మన నల్లగొండ వైపు ఇంకో అలవాటుంది: ఎముకల సంగతి ఏదైనా ఫ్లోరైడ్ నీళ్ల మీద తోసేస్తాం. ఫ్లోరైడ్ ఎముకల్ని వంచేది నిజమే, మన ఊళ్లు అనుభవించాయి. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుంటే థైరాయిడ్ లాంటివి బయటపడవు.

వెళ్లేటప్పుడు టీకాల కార్డు, గోడ మీది కొలతలు రాసుకుని తీసుకెళ్లండి. అమ్మానాన్నల ఎత్తు కూడా కొలుస్తారు, ఇద్దరూ వెళ్లండి.