డయాటాక్సిస్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

సాఫ్ట్‌వేర్ డాక్స్ (యూజర్ల కోసం రాసే డాక్యుమెంటేషన్) రాసే పనిలో నేను వాడి చూసిన పద్ధతుల్లో ఇప్పటికీ వదలనిది డయాటాక్సిస్. దీన్ని రూపొందించింది డానియేలే ప్రోచిదా. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ డాక్స్ చదివినవాళ్లకు ఈ అమరిక తెలిసినదే: ట్యుటోరియల్స్, టాపిక్ గైడ్లు, రిఫరెన్స్, హౌ-టు గైడ్లు. ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే కెనానికల్ సంస్థ కూడా తన డాక్స్‌ను ఇదే పద్ధతిలో నడుపుతోంది.

సాధారణంగా మాడ్యూల్‌కో (సాఫ్ట్‌వేర్‌లోని ఒక్కో భాగానికో) అధ్యాయం చొప్పున డాక్స్ రాస్తాం. రాసేవాళ్లకు అది సులువు. కానీ తనకు కావలసింది ఏ మాడ్యూల్‌లో ఉందో యూజర్‌కు ఎలా తెలుస్తుంది? డయాటాక్సిస్ అడిగే ప్రశ్నలు వేరు: చదివేవాళ్లు ఇప్పుడు నేర్చుకుంటున్నారా, పనిలో ఉన్నారా? వాళ్లకు కావలసింది చేయాల్సిన స్టెప్పులా, తెలుసుకోవాల్సిన విషయమా? ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల నుంచే నాలుగు రకాల పేజీలు పుడతాయి: చేయిస్తూ నేర్పే ట్యుటోరియల్, పనికి స్టెప్పులిచ్చే హౌ-టు గైడ్, పనిలో వివరాలు చూసుకునే రిఫరెన్స్, ఎందుకో చెప్పే వివరణ (జాంగోలో టాపిక్ గైడ్).

మా ప్రోడక్ట్‌లో బ్యాకప్ గురించి ఒకే పెద్ద పేజీ ఉండేది. బ్యాకప్ ఎందుకు, ఎన్ని రకాలు, ఆప్షన్ల పట్టిక, మధ్యలో ఎక్కడో రీస్టోర్ స్టెప్పులు. సర్వర్ పడిపోయి కంగారులో ఉన్న మనిషి అదంతా దాటుకుంటూ పోవాలి! దాన్ని విడగొట్టాం. ‘బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో రీస్టోర్ చేయడం’ అనే పేజీలో ఇప్పుడు స్టెప్పులు తప్ప ఇంకేమీ లేవు. ఆప్షన్లు రిఫరెన్స్‌కు వెళ్లాయి. ఇంక్రిమెంటల్ బ్యాకప్ (గత బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే దాచేది) ఒక్కదానితోనే డేటా అంతా ఎందుకు తిరిగి రాదో వివరణ పేజీ చెబుతుంది. ఆ తర్వాత సపోర్ట్‌కు ‘ఇది ఎక్కడుంది’ అనే ప్రశ్నలు బాగా తగ్గాయి, ‘మా సెటప్‌లో ఇది నడుస్తుందా’ అనేవి పెరిగాయి. అంటే పేజీ దొరుకుతోంది, చదివాకే అడుగుతున్నారు. నాకు అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

ఇందులో సగం ఘనత పేజీ పేరుది. చాలామంది మెనూ ముఖం కూడా చూడరు, సెర్చ్ నుంచి నేరుగా ఏదో ఒక పేజీలోకి దిగుతారు. ‘రీస్టోర్’ అన్న ఒక్క మాట వాళ్లకు ఏమీ చెప్పదు. చేయబోయే పనే శీర్షికగా ఉంటే సెర్చ్ ఫలితాల్లోనే గుర్తుపడతారు.

ఇక లోటుపాట్లు. ఎర్రర్ మెసేజ్‌లకు ఈ నాలుగు గదుల్లో సరైన చోటు లేదు. యూజర్లేమో ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి వెతుకుతారు. మేం రిఫరెన్స్‌లోనే వాటికో విభాగం పెట్టాం: స్క్రీన్ మీద కనిపించే వాక్యం ఒక్క అక్షరం మారకుండా శీర్షికగా, మారిపోయే ఫైల్ పేర్లు మాత్రం తీసేసి, కింద కారణం, పరిష్కారానికి లింకు. ఇది పద్ధతి చెప్పింది కాదు, అవసరం నేర్పింది.

రెండోది, ఆ నాలుగు పేర్లనే మెనూగా పెట్టేయడం. చిన్న టూల్‌కైతే సరిపోతుంది. అడ్మిన్లు, డెవలపర్లు, మామూలు యూజర్లు అందరూ వాడే ప్రోడక్ట్‌లో మాత్రం ముందు ‘నేను ఎవరు’ అన్నదే దారి చూపాలి, పేజీ రకం ఆ తర్వాత. ఖాళీగా నాలుగు విభాగాలు తెరిచి నింపుకుంటూ పోవద్దని డయాటాక్సిస్ కూడా హెచ్చరిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డాక్స్ మొత్తాన్ని ఒకేసారి విప్పకండి. ఎక్కువమంది వచ్చే పేజీ ఒకటి తీసుకుని, అక్కడ ఉండకూడని పేరాను దాని చోటికి మార్చి ఆపండి. పేజీ అడ్రస్ మారితే పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లు కొత్తదానికి వెళ్లేలా రీడైరెక్ట్ తప్పకుండా పెట్టండి. ఆ పాత లింకును ఎంతమంది తమ నోట్స్‌లో దాచుకున్నారో మనకు కనిపించదు.