రీపర్‌లో వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్లు లేట్‌గా పలికితే... ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

రీపర్ అనే మ్యూజిక్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ని 5వ వెర్షన్ రోజుల నుంచి వాడుతున్నా, ఇప్పుడు 7 నడుస్తోంది. నా పని ఎక్కువగా డివోషనల్ పాటలకి, జానపదాలకి ట్రాకులు కట్టడం. మైకు ముందు జరిగేది తక్కువ, తబలా, డప్పు, స్ట్రింగ్స్, వీణ అన్నీ కీబోర్డు మీద ప్లగిన్లతో (రీపర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు, వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్లు కూడా ఇవే) వాయించేదే ఎక్కువ. అందుకని మిక్సింగ్ ఎలా ఉంది, చూడ్డానికి ఎలా ఉంది అనేవి పక్కన పెట్టి నాకు కావాల్సిన ఒక్క విషయం మీదే రాస్తున్నా, కీ నొక్కితే సౌండు టైముకి వస్తోందా, రాకపోతే తప్పు ఎక్కడుందో ఈ సాఫ్ట్‌వేర్ పట్టిస్తుందా అని. పట్టిస్తుందండీ, చూడాల్సిన చోట చూస్తే. వేరేదానికి మారకపోవడానికి అదే కారణం.

అసలు లేట్ అనేది అన్ని సౌండ్ల మీదా ఒకేలా తెలీదు. ప్యాడ్ సౌండు 30 మిల్లీసెకన్లు వెనకొచ్చినా ఎవరికీ పట్టదు, అదే తీన్మార్ స్పీడులో డప్పు వాయిస్తుంటే దాంట్లో సగం లేటుకే చెయ్యి తడబడుతుంది. అందుకే కొత్త సెటప్ ఏదైనా నేను డప్పుతోనే టెస్ట్ చేస్తా, పియానోతో చెయ్యను.

ఈ సమస్య వచ్చిన ప్రతి ఒక్కరికీ దొరికే మొదటి సలహా బఫర్ తగ్గించు అని. బఫర్ అంటే కంప్యూటర్ సౌండుని ఒక్కో విడతకి ఎన్ని సాంపిల్స్ (చిన్న సౌండు ముక్కలు) చొప్పున పంపుతుందో ఆ లెక్క. తప్పని అనను, లెక్క సింపులే, 44100 సాంపిల్ రేటులో (సెకనుకి అన్ని సాంపిల్స్) 1024 బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు, 512 అంటే 11.6, 256 అంటే 5.8, 128 అంటే 2.9. గాలిలో సౌండు 5.8 మిల్లీసెకన్లలో సుమారు రెండు మీటర్లు వెళ్తుంది, అంటే 256 పెట్టుకుని హెడ్‌ఫోన్స్‌లో వినడం ఒక బఫర్ వరకు చూస్తే రెండు మీటర్ల అవతల స్పీకర్ పెట్టుకుని వినడంతో సమానం, స్టేజీ మీద వాయించే వాళ్ళకి అదసలు దూరమే కాదు. దీని మీద సౌండ్ కార్డు డ్రైవర్ దాచుకునే అదనపు బఫర్, డిజిటల్‌ని మామూలు సౌండుగా మార్చే కన్వర్టర్ టైమూ కలుస్తాయి కాబట్టి నిజం ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, రీపర్ పైన కుడి మూలలో ఇన్‌పుట్ ఇంత, అవుట్‌పుట్ ఇంత అని మిల్లీసెకన్లలో రాసి ఉండేది డ్రైవర్ చెప్పిన ఆ లెక్కే. ఇన్‌స్ట్రుమెంట్ వాయించేవాళ్ళకి ఆ రెండో నంబరే ముఖ్యం, సౌండు లోపలికి వచ్చేది ఏమీ లేదు, బయటికి పోయేదే. సింగర్ తన గొంతు ప్లగిన్ల మీదుగా వినాలంటే మాత్రం రెండూ కలుపుకోవాలి. వీళ్ళ బాధ వాళ్ళ బాధ ఒకటే అనుకుని సలహాలిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు.

సరే, నా అనుభవంలో 256 దగ్గర కూడా చెయ్యి వెనకపడుతోంది అంటే పదిలో ఏడెనిమిది సార్లు బఫర్‌ది కాదు పాపం, మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ కలిసే చివరి ట్రాకు) మీద ఉన్న ప్లగిన్లది. పాట సగం కట్టాక సౌండు గట్టిగా వినిపించాలని మాస్టర్ మీద లిమిటర్ (సౌండు హద్దు దాటకుండా ఆపేది), లీనియర్ ఫేజ్ ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దే ఒక రకం ప్లగిన్) పెడతాం కదా, ఆ లిమిటర్ ముందుకి తొంగి చూడాలంటే సౌండుని కాసేపు ఆపుకోవాలి, లీనియర్ ఫేజ్ ఈక్యూ అయితే ఏకంగా వేల సాంపిల్స్ ఆపుకుంటుంది. 4096 సాంపిల్స్ ఆపిందనుకోండి, అది 93 మిల్లీసెకన్లు. ప్లే చేసేటప్పుడు ఇదేమీ తెలీదు, ఎందుకంటే ప్లగిన్ నాకింత టైం కావాలని చెప్తుంది, రీపర్ మిగతా ట్రాకులన్నిటినీ అంతే ఆపి అన్నీ కలిసి వచ్చేలా సర్దుతుంది. కానీ మనం అప్పటికప్పుడు నొక్కే కీని ఏ సాఫ్ట్‌వేర్ అయినా ముందుకి జరపలేదు కదా, ఇంకా నొక్కనే లేదు, అందుకని ఆ 93 మొత్తం మన చేతికి తగులుతుంది. తిట్లు మాత్రం పాపం కీబోర్డు ప్లగిన్‌కి.

ఇక్కడే నాకు రీపర్ నచ్చేది. ట్రాకు ఎఫ్‌ఎక్స్ విండో (దాని ప్లగిన్లు కనిపించే చోటు) ఓపెన్ చేస్తే కింద ఎడమ పక్క చిన్న అక్షరాల్లో సీపీయూ శాతం పక్కన సాంపిల్స్ లెక్క ఉంటుంది. 64/512 లాంటి జత కనిపించిందనుకోండి, ప్లగిన్ అడిగింది 64, బఫర్ సైజుకి సరిపెట్టి రీపర్ ఆపింది 512 అన్నమాట. అంటే చిన్న లిమిటర్ కూడా పెద్ద బఫర్ మీద ఒక పూర్తి బ్లాక్ తినేస్తుంది. పర్ఫార్మెన్స్ మీటర్ తెరిస్తే, కంట్రోల్ ఆల్ట్ పి, ఏ ట్రాకు ఎంత ఆపుతోందో వరసగా కనిపిస్తుంది. మాస్టర్ ఒక్కటే చూసి ఊరుకోకండి, డ్రమ్స్ ఫోల్డర్ మీదో రిథమ్ బస్ (కొన్ని ట్రాకుల్ని కలిపి పంపే ట్రాకు) మీదో పెట్టింది కూడా ఆ దారిలో వెళ్ళే సౌండుకి కలుస్తుంది. దొరికిన దాన్ని రైట్ క్లిక్ చేసి ఆఫ్‌లైన్ చేసేయండి, వాయించడం అయ్యాక మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు. ఇలాంటి వేరే సాఫ్ట్‌వేర్లు చూస్తే, క్యూబేస్‌లో దీనికి కన్‌స్ట్రెయిన్ డిలే కాంపెన్సేషన్ అని, లాజిక్‌లో లో లేటెన్సీ మోడ్ అని ఒక్క బటన్ ఉంటుంది, సౌకర్యం పరంగా మార్కులు వాటికే. రీపర్‌లో ఎవరు ఎంత ఆపుతున్నారో నంబర్లతో సహా చూసుకుని మనమే తీసుకోవాలి, నాకు అదే ఇష్టం, ప్రిఫరెన్సెస్ విండోలో ఎన్ని పేజీలున్నాయో చూసి భయపడేవాళ్ళకి ఇష్టం ఉండకపోవచ్చు.

ఇంకో రకం లేటు ఉంది, ఇది దొంగ లేటు. బఫర్ 64 పెట్టినా, మాస్టర్ ఖాళీగా ఉన్నా పోదు. దీన్ని పట్టుకోవడానికి నేను చేసేది ఒకటే పని, కీబోర్డు జోలికి పోకుండా మౌసుతో గ్రిడ్ (తాళం గీతలు) మీద కరెక్టుగా నాలుగు నోట్లు గీసి, ఆ ట్రాకుని ఆడియోగా రెండర్ చేసి, జూమ్ చేసి వేవ్ ఎక్కడ లేస్తోందో చూడ్డం. గ్రిడ్ గీత మీదే లేస్తే ప్లగిన్ మంచిదే, సమస్య డ్రైవర్‌లోనో దారిలోనో ఉంది. గీత దాటాక లేస్తే తప్పు లైబ్రరీదే (ప్లగిన్ వాడుకునే రికార్డ్ చేసిన శబ్దాల సెట్టు), లేదా తను ఆపుకునే టైం బయటికి చెప్పని ప్లగిన్‌ది. నేను కొన్న ఒక వీణ లైబ్రరీలో, కంపెనీ పేరు వద్దులెండి, కొన్ని స్వరాలకి మీటు ముందు దాదాపు 40 మిల్లీసెకన్ల నిశ్శబ్దం ఉంది, కత్తిరించకుండా అలాగే వదిలేశారు, అదీ అన్ని స్వరాలకీ లేదు, పంచమం టైముకి వస్తుంది ధైవతం వెనకపడుతుంది! శాంపిళ్ళు (ఆ రికార్డ్ చేసిన శబ్దాలు) లాక్ చేసి అమ్మారు కాబట్టి లోపలికెళ్ళి కత్తిరించే వీలు కూడా లేదు.

అలాగని వెనకొచ్చే ప్రతి లైబ్రరీ చెత్తదని కాదు. సినిమాటిక్ స్టూడియో స్ట్రింగ్స్ అనే లైబ్రరీ సంగతే చూడండి, లెగాటోలో (స్వరాల్ని తెగకుండా కలిపి వాయించడం) ఒక స్వరం నుంచి ఇంకో దానికి జారడం నిజంగా వాయించి రికార్డ్ చేశారు, ఆ జారుడుకి టైం పడుతుంది, స్లోగా వాయిస్తే 333 మిల్లీసెకన్లు, మీడియం 250, ఫాస్ట్ 100, చిన్న స్వరాలకి 60 అని తయారీదారులే చెప్తారు. సౌండు అంత సహజంగా ఉండటానికి కారణం కూడా అదే. ఇలాంటి వాటిని పియానో సౌండుతో వాయించి రికార్డ్ చేసుకుని తర్వాత ప్లగిన్ మార్చుకోవడమే మేలు, లేట్‌గా వినిపిస్తుంటే మన చెయ్యి తెలీకుండానే ముందు నొక్కడం మొదలుపెడుతుంది, రికార్డ్ అయిన నోట్లన్నీ గ్రిడ్‌కి ముందుంటాయి, వాటిని క్వాంటైజ్ చేస్తే (గ్రిడ్ గీతల మీదకి లాగితే) మొదటికే మోసం, మళ్ళీ వెనక్కి పోతుంది సౌండు. క్వాంటైజ్ చేశాక ఆ ట్రాకు రూటింగ్ విండోలో మీడియా ప్లేబ్యాక్ ఆఫ్‌సెట్ అని ఒకటుంది, అందులో మైనస్ 60 అనో మైనస్ 250 అనో పెడితే నోట్లు గ్రిడ్ మీదే ఉంటూ సౌండు ముందుకొస్తుంది. లెగాటోకి, చిన్న స్వరాలకి వేర్వేరు ట్రాకులు పెట్టుకోక తప్పదు, చిరాకే కానీ వేరే దారి లేదు.

ఇక విండోస్ గోల. ఆడియో ఇంటర్‌ఫేస్‌తో (బయట పెట్టుకునే సౌండ్ కార్డు) వచ్చిన సొంత ఏసియో డ్రైవర్ (తక్కువ లేటుతో పనిచేసే రకం) ఉంటే అదే వాడండి, ఇంటర్‌ఫేస్ లేని లాప్‌టాప్ అయితే ఏసియో ఫర్ ఆల్ పెట్టుకోండి, అది కొత్తగా ఏ మాయా చెయ్యదు, విండోస్ మిక్సర్‌ని తప్పించి నేరుగా సౌండ్ డ్రైవర్‌తో మాట్లాడుతుంది, విండోస్ పాత దారి డైరెక్ట్‌సౌండ్ కన్నా నయం. కొంతమందికి అసలు జబ్బు లేటు కాదు, చిటపటలు. చిటపటలు వస్తున్నాయని బఫర్ 1024కి పెంచుతారు, పెంచాక లేటు మొదలవుతుంది, దానికి ప్లగిన్లు మారుస్తూ కూర్చుంటారు. లేటెన్సీమాన్ అనే ఫ్రీ ప్రోగ్రాం కాసేపు నడిపితే ఏ డ్రైవర్ అడ్డం పడుతోందో పేరుతో సహా చెప్తుంది. నా లాప్‌టాప్‌లో వైఫైది, ఆఫ్ చేయగానే అదే మెషీన్ 128 మీద హాయిగా నడిచింది. ప్లగ్గు తీసేసి బ్యాటరీ మీద వాయిస్తే ప్రాసెసర్ స్పీడు తగ్గించుకుని మళ్ళీ చిటపటలు, కాబట్టి పవర్ ప్లాన్ హై పర్ఫార్మెన్స్‌లో ఉంచండి.

రీపర్‌లోనే ఇంకో తిరకాసు ఉంది. రికార్డ్ బటన్ నొక్కి ఉంచని ట్రాకుల్ని అది ముందే లెక్కకట్టి పెట్టుకుంటుంది, అందుకే పాత మెషీన్ మీద కూడా అన్ని ట్రాకులు లాగుతుంది. రికార్డ్ ఆర్మ్ చేసి (ఆ బటన్ నొక్కి ఉంచి) మానిటరింగ్ పెట్టినవి (వాయిస్తుండగానే వినేవి) మాత్రం అప్పటికప్పుడు లెక్కకట్టాలి. ఆరు ఇన్‌స్ట్రుమెంట్లు ఆర్మ్ చేసి వదిలేసి, ప్లే చేస్తే బానే ఉంది వాయిస్తే పగులుతోంది అనేవాళ్ళు ఉన్నారు, ఉండదా మరి! వాయించేది ఒక్కటే ఆర్మ్‌లో పెట్టి, అయిపోయిన బరువైన ట్రాకుల్ని ఫ్రీజ్ చేసేయండి (ఆడియోగా మార్చి ప్లగిన్లని ఆపేయడం).

కీబోర్డు నుంచి నోట్లు పంపే మిడి కేబుల్ని అనుమానించక్కర్లేదు, పాత ఐదు పిన్నుల దాంట్లో కూడా ఒక నోటు వెళ్ళడానికి పట్టేది దాదాపు 1 మిల్లీసెకను. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో వాయిద్దామనుకుంటే మాత్రం పైన రాసింది ఏదీ పనికిరాదు, మామూలుగా ఆ హెడ్‌సెట్టే 150, 200 మిల్లీసెకన్లు తింటుంది, వైరుదే పెట్టుకోండి.

రీపర్‌ని కొనకముందు 60 రోజులు అన్నీ తెరిచే ఇస్తారు కాబట్టి మీ సొంత లైబ్రరీలతోనే చూసుకోవచ్చు, తర్వాత చిన్న స్టూడియోలకి లైసెన్స్ 60 డాలర్లు. కొనేముందు ఆ మౌసు టెస్టు మీ దగ్గరున్న ప్రతి లైబ్రరీ మీదా చేసి, ఏది ఎంత వెనకొస్తోందో ఆ ట్రాకు పేరులోనే రాసి టెంప్లేట్‌గా సేవ్ చేసుకోండి, నా టెంప్లేట్‌లో వీణ ట్రాకు పేరు ఇప్పటికీ "వీణ మైనస్ 40, ధైవతం చూస్కో" అనే ఉంది.