వీసా ఒకటైతే సిమ్ కూడా ఒకటేనా? నాలుగేళ్ల ఈ-సిమ్ వాడకం తర్వాత

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 8వ నంబర్ ట్రామ్ ఎక్కితే జర్మనీలోని వైల్ ఆమ్ రైన్ దాకా వెళ్తుంది. 3వ నంబర్ ఎక్కితే ఫ్రాన్స్‌లో దిగుతాం. స్విట్జర్లాండ్ హోటళ్ల అద్దెలు చూసి మా కంపెనీవాళ్లు నాకు వైల్‌లో గది తీశారు. పొద్దున్నే ట్రామ్‌లో బాసెల్ వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం. సరిహద్దు దగ్గర నన్నెవరూ ఆపలేదు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఉంది, ఫోన్‌లో 'యూరప్' అని పేరున్న ఈ-సిమ్ (కార్డు లేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కించుకునే సిమ్) ఉంది. ట్రామ్ సరిహద్దు దాటాక కూడా మ్యాప్ కదులుతూనే ఉంది కాబట్టి నాకేమీ అనుమానం రాలేదు. నెలాఖరుకు హైదరాబాద్ నంబర్ బిల్లు వచ్చాక తెలిసింది, ఆ నాలుగు రోజులూ మ్యాప్‌ను కదిలించింది నా ఇండియా సిమ్ అని. నాలుగు వేల పైచిలుకు.

జరిగింది ఇది. నేను కొన్న యూరప్ ప్యాక్ జాబితాలో స్విట్జర్లాండ్ లేదు. ఫోన్‌లో మాత్రం, ఒక సిమ్‌కు డేటా అందకపోతే రెండో సిమ్‌కు మారిపోయే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. ఓటీపీలు రావాలంటే ఇండియా సిమ్‌లో డేటా రోమింగ్ కూడా ఆన్‌లో ఉండాలని నేను పొరబడ్డాను. అక్కర్లేదు. ఓటీపీకి రోమింగ్, అంటే మన సిమ్ పరాయి దేశపు నెట్‌వర్క్‌లో పనిచేయడం, ఉంటే చాలు. అక్కడ ఇంటర్నెట్ కూడా వాడుకోనిచ్చే డేటా రోమింగ్‌తో దానికి పనిలేదు. ఈ రెండూ వేర్వేరని తెలుసుకోవడానికి నాకు పట్టిన ఖర్చు పైన చెప్పాను.

మాది బాలానగర్‌లో మందుల ప్యాకింగ్ మెషీన్లు తయారుచేసే కంపెనీ. మెషీన్ అమ్మిన చోటికి వెళ్లి బిగించి, నడిపించి, వాళ్ల ఆపరేటర్లకు నేర్పి రావడం నా పని. 2022 నుంచి ఇప్పటిదాకా పద్నాలుగు దేశాలు తిరిగాను. ఎక్కువసార్లు ఒకే ప్రయాణంలో రెండు మూడు దేశాలు. మెషీన్ ముందు నిలబడి ఆఫీసుకు వీడియో కాల్ చేయాలి, ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ ఇవ్వాలి, బ్యాంకు ఓటీపీలు రావాలి. టూర్‌కు వెళ్లేవాళ్లకు నా అంత డేటా అక్కర్లేకపోవచ్చు. తప్పులు మాత్రం అందరం ఒకేచోట చేస్తాం.

ప్లాన్ ఎంచుకునేటప్పుడు అందరూ ముందు జీబీలు చూస్తారు, తర్వాత ధర. నేను ఇప్పుడు ఈ రెండూ చివర చూస్తున్నాను. ముందు చూసేది దేశాల జాబితా. 'ముప్పై అయిదుకు పైగా దేశాలు' అన్న అంకె కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు జాబితా. మనం వెళ్లే ఊళ్లే కాదు, మధ్యలో బస్సు దాటే దేశాలు కూడా అందులో ఉన్నాయో లేదో చూడాలి.

యూరప్ సంగతే తీసుకోండి. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి రోమింగ్‌కు అదనపు చార్జీ లేదు. ఒక దేశంలో కొన్న సిమ్‌ను, కొన్ని పరిమితులతో, మిగతా సభ్యదేశాల్లో ఇంట్లో ఉన్నట్టే వాడుకోవచ్చు. నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్ కూడా ఇందులోకి వస్తాయి. స్విట్జర్లాండ్ రాదు. అది షెంజెన్‌లో ఉంది కానీ యూనియన్‌లో లేదు. బ్రిటన్ బయటికి వెళ్లిపోయింది. సెర్బియా, బోస్నియా, టర్కీ ఈ లెక్కలోకే రావు. వీసా గీత ఒకటి, రోమింగ్ గీత ఇంకొకటి. మన ఈ-సిమ్ అమ్మేవాళ్లు ఈ రెంటితో సంబంధం లేకుండా, ఏ దేశాల కంపెనీలతో ఒప్పందం ఉంటే వాటిని కలిపి 'యూరప్' అని పేరు పెడతారు. అందుకే ఒకరి యూరప్‌లో స్విట్జర్లాండ్ ఉంటుంది, ఇంకొకరి యూరప్‌లో ఉండదు.

ఈ పాఠం నేర్చుకున్నాక కూడా ఇంకోసారి దెబ్బతిన్నాను. క్రొయేషియాలో పని ముగిశాక ఒక ఆదివారం స్ప్లిట్ నుంచి దుబ్రోవ్‌నిక్‌కు బస్సెక్కాను. రెండూ క్రొయేషియాలోనివే కదా అని ధీమా. మధ్యలో నేయుమ్ దగ్గర బోస్నియా కొద్దిపాటి మేర సముద్రాన్ని తాకుతుంది, అక్కడ రోడ్డు ఆ దేశంలోంచి పోతుంది. 2022లో పెల్యెషాట్స్ వంతెన వచ్చాక ఆ ముక్క తగలకుండా వెళ్లే దారి ఏర్పడింది కానీ, నేనెక్కిన బస్సు పాత దారిలోనే పోయింది. డేటా ఆగిపోయింది. ఈసారి సెట్టింగ్‌లు సరిగ్గా ఉన్నాయి కాబట్టి బిల్లు రాలేదు. హోటల్ చిరునామా మాత్రం మెయిల్‌లో ఉండిపోయింది. కాసేపటికి బస్సు మళ్లీ క్రొయేషియాలోకి వచ్చింది, అంతటితో కథ ముగిసింది. అప్పటి నుంచి టికెట్లు, చిరునామాలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నాను, మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేస్తున్నాను.

ఇక 'అన్‌లిమిటెడ్'. ఈ మాట మీద నాకున్నంత కోపం మరే మాట మీదా లేదు. నేను కొన్న ఒక ప్యాక్‌లో రోజుకు ఒక జీబీ వరకే వేగం, ఆ తర్వాత 128 కేబీపీఎస్. ఆ వేగంలో వాట్సాప్ మెసేజ్ పోతుంది. ఫొటో గిరగిరా తిరుగుతూ ఉంటుంది. వీడియో కాల్ సంగతి మరచిపోవడమే. పైగా అందులో హాట్‌స్పాట్ ఇవ్వడం కుదరదట, కొన్నాక తెలిసింది. ఇంకో విచిత్రం, ఆ 'రోజు' లండన్ గడియారం ప్రకారం మారుతుంది. హో చి మిన్ సిటీలో అంటే ఉదయం ఏడింటికి. రాత్రి పదకొండింటికి డేటా అయిపోతే, పన్నెండు దాటగానే వస్తుందని కూర్చున్నాను. రాలేదు. తెల్లారాక, సరిగ్గా నేను స్నానానికి వెళ్లినప్పుడు వచ్చింది.

అందుకే నాకు మొత్తం ఇన్ని జీబీలు, ఇన్ని రోజులు అని ఉండే ప్యాకులే నయమనిపించాయి. నా వాడకంలో వీడియో కాల్ గంటకు అర జీబీ దాకా తింటుంది. మ్యాప్ రోజంతా చూసినా పెద్దగా తినదు. అసలు దొంగ ఫొటోల బ్యాకప్. మెషీన్ వీడియోలు తీసి జేబులో పెట్టుకుంటే, అవి నాకు తెలియకుండానే పైకి ఎక్కేసి మధ్యాహ్నానికి రెండు జీబీలు హరీ. దాన్ని వైఫైకి మాత్రమే పరిమితం చేశాక, యూరప్‌లో పదిహేను రోజులకు పది జీబీలు సరిపోతున్నాయి. దానికి దాదాపు రెండు వేల రూపాయలు పెడుతున్నాను.

ఒకే దేశంలో పది రోజులు దాటితే మాత్రం అక్కడి సిమ్ కొంటాను. వియత్నాం, థాయ్‌లాండ్‌లలో విమానాశ్రయంలోనే పాస్‌పోర్ట్ చూపిస్తే నిమిషాల్లో ఇస్తారు. డేటా పుష్కలం, ధర తక్కువ. పైగా అక్కడి నంబర్ ఒకటి చేతికొస్తుంది. ఈ-సిమ్ ప్యాకుల్లో ఎక్కువ భాగం డేటా మాత్రమే ఇస్తాయి, నంబర్ ఉండదు. క్యాబ్ డ్రైవర్ కింద నిలబడి ఫోన్ చేయాలంటే ఇబ్బంది.

నాకు అనుకోకుండా కలిసొచ్చిన విషయం ఒకటుంది. రోమింగ్ ఈ-సిమ్ డేటా మనం ఉన్న దేశం నుంచి నేరుగా ఇంటర్నెట్‌లోకి పోదు, చాలాసార్లు ఆ సిమ్ ఇచ్చిన కంపెనీ దేశం మీదుగా తిరిగి పోతుంది. దాంతో షాంఘైలో హోటల్ వైఫైలో తెరుచుకోని గూగుల్, వాట్సాప్ నా ఈ-సిమ్‌లో మామూలుగా నడిచాయి. దుబాయ్‌లోనూ అంతే. అక్కడి సిమ్‌లో వాట్సాప్ మెసేజ్ పోతుంది కానీ కాల్ కలవదు. కరీంనగర్ నుంచో కోనసీమ నుంచో వెళ్లి అక్కడ పనిచేసుకునే మనవాళ్లు ఇంటికి బోటిమ్ అనే కాలింగ్ యాప్‌లో మాట్లాడేది అందుకే. నాతో వచ్చిన జూనియర్ అక్కడి సిమ్ కొన్నాడు. "అన్నా, అమ్మకు కాల్ పోతలేదే" అని మొహం వేలాడేశాడు. నా ఫోన్ ఇచ్చాను, ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఈ చుట్టుతిరుగుడుకు నష్టమూ ఉంది. వెబ్‌సైట్లు నేను ఇంకే దేశంలోనో ఉన్నానని అనుకుంటాయి, పేజీలు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటాయి.

ఇండియా కంపెనీల రోమింగ్ ప్యాకులు పనికిరానివని అనను. నాలుగైదు రోజుల ప్రయాణానికి, ఒకే దేశానికి, తలనొప్పి వద్దనుకునేవాళ్లకు అవే మంచివి. మన నంబర్‌కే కాల్స్ వస్తాయి, ఏదీ మార్చక్కర్లేదు. మా మామగారి ఫోన్‌లో ఈ-సిమ్ సౌకర్యమే లేదు. ఆయన సింగపూర్ వెళ్లినప్పుడు అదే వేయించాను, హాయిగా తిరిగొచ్చారు. మీ ఫోన్‌లో ఈ-సిమ్ ఉందో లేదో తెలియాలంటే *#06# నొక్కండి. ఈఐడీ అని పొడవాటి నంబర్ కనిపిస్తే ఉన్నట్టే.

ప్యాక్ లేకుండా ఓటీపీ కోసం మాత్రమే ఇండియా సిమ్ ఉంచేవాళ్లు రెండు చోట్ల జాగ్రత్తపడాలి. నా సిమ్‌లో వచ్చే మెసేజ్‌కు చార్జీ లేదు కానీ, వచ్చే కాల్ ఎత్తితే ఉంది. మిలాన్‌లో ఒక మధ్యాహ్నం "సార్, పర్సనల్ లోన్ కావాలా" అని అడిగిన అమ్మాయికి మర్యాదగా వద్దని చెప్పినందుకు నాకు పడిన ఖర్చుతో అక్కడ కాఫీ తాగొచ్చు. రెండోది, ప్రీపెయిడ్ అయితే వ్యాలిడిటీ. మన నెల 28 రోజులే కదా. నా సహోద్యోగి ముప్పై రెండు రోజుల ప్రయాణానికి 28 రోజుల రీచార్జితో వచ్చాడు. ఇరవై తొమ్మిదో రోజు టికెట్ మార్చుకోబోతే ఓటీపీ రాలేదు. రీచార్జి చేద్దామన్నా కార్డుకు ఓటీపీ కావాలి. చివరికి వాళ్లావిడ ఇంటి దగ్గర నుంచి వేసింది. ఇండియా సిమ్ తీసి డబ్బాలో పెట్టి స్థానిక సిమ్ వేసుకోవడం కూడా చేయకండి, యూపీఐ యాప్‌లు సిమ్ కనబడకపోతే మొరాయిస్తాయి.

ఈ-సిమ్‌ను ఇంట్లో వైఫై మీద ఉన్నప్పుడే ఎక్కించుకుంటాను. విమానాశ్రయంలో దిగాక క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలంటే ముందు ఇంటర్నెట్ కావాలి కదా. కొన్నిటికి ఎక్కించిన రోజు నుంచే గడువు మొదలవుతుంది, కొన్నిటికి అక్కడి నెట్‌వర్క్ తగిలినప్పటి నుంచి. కొనేముందే ఇది అడగాలి. పొరపాటున డిలీట్ చేస్తే అదే కోడ్ చాలావాటిలో మళ్లీ పనిచేయదు. ఇక్కడ ఇంకో చిక్కు. 2024 జనవరిలో, అనుమతి పత్రం లేదన్న కారణంతో రెండు పెద్ద ఈ-సిమ్ యాప్‌లను మన దేశంలోని యాప్ స్టోర్ల నుంచి తీసేయించారు. కాబట్టి ఎవరి దగ్గర కొంటున్నారో చూసుకోండి.

వచ్చే నెల బెల్‌గ్రేడ్, అక్కడి నుంచి వియన్నా, మధ్యలో ఇస్తాంబుల్‌లో ఒక రాత్రి. మూడింటినీ కలిపి ఉన్న ప్యాక్ ఒక్కటే దొరికింది, కానీ అందులో హాట్‌స్పాట్ లేదు. విడిగా రెండు తీసుకుంటున్నాను. ఇస్తాంబుల్ రాత్రికి హోటల్ వైఫైతో సరిపెట్టుకుంటాను.